గట్టున వయ్యారిభామ, చేలో వైరస్ తెగులు

పంటకు తెగులు సోకినప్పుడు రైతు దృష్టి సహజంగా చేను మీదికే పోతుంది. ఆకులు తిప్పి చూస్తాడు, విత్తనాన్ని శంకిస్తాడు, మందుల దుకాణానికి వెళతాడు. అయితే వైరస్ తెగుళ్ళలో అనేకం చేలో పుట్టేవి కావు. గట్టు మీద, బండిబాట పక్కన, బీడు భూముల్లో పెరిగే కలుపు మొక్కల్లో తలదాచుకుని, అదను చూసుకుని పంట మీదికి వస్తాయి. ఈ రాకపోకలు ఏ దారిన జరుగుతున్నాయో తెలుసుకోవడానికి మన సరిహద్దు ప్రాంతంలోనే ఒక ముఖ్యమైన పరిశోధన జరిగింది. వేరుశనగ, పొద్దుతిరుగుడు పంటలను దెబ్బతీసిన ఒక వైరస్‌కు వయ్యారిభామ ఆశ్రయమిస్తున్నదని అందులో తేలింది. కెంచనగుడ్డ, సిరుగుప్ప పరిసర గ్రామాల రైతు కుటుంబాలకు ఉపకరించే విధంగా ఆ వివరాలను ఇక్కడ క్రోడీకరించి అందిస్తున్నాము.

బాగేపల్లిలో ఆరంభం, అనంతపురంలో విలయం

పొద్దుతిరుగుడులో ఆకులు మాడి, కాడలు నల్లబడి, మొక్క వంకర తిరిగే ఒక కొత్త తెగులును 1997లో కర్ణాటకలోని బాగేపల్లి వద్ద తొలిసారిగా గుర్తించారు. నాడు కోలారు జిల్లాలో ఉండి, నేడు చిక్కబళ్ళాపుర జిల్లాలో చేరిన బాగేపల్లి మన వంటి తెలుగు సరిహద్దు తాలూకాయే. తరువాతి సంవత్సరాల్లో ఈ తెగులు కర్ణాటక, ఆంధ్రప్రదేశ్, మహారాష్ట్ర, తమిళనాడు రాష్ట్రాల పొద్దుతిరుగుడు చేలలో కనిపించింది.

2000 సంవత్సరం ఖరీఫ్‌లో అనంతపురం జిల్లా వేరుశనగ చేలు ఉన్నట్టుండి మాడిపోవడం మొదలైంది. మొలిచిన నెలలోపు మొక్కలు కొస నుంచి కిందికి ఎండిపోయాయి. సుమారు 2,25,000 హెక్టార్లలో పంట తెగులు పాలైనదనీ, నష్టం 300 కోట్ల రూపాయలకు మించినదనీ శాస్త్రవేత్తలు అంచనా వేశారు. వర్షాధార వేరుశనగ మీదనే బతుకు సాగించే జిల్లాలో ఒక్క కాలంలో జరిగిన నష్టమిది. బళ్ళారి జిల్లాకు ఆనుకుని ఉన్న నేలలు కావడం చేత ఈ సంఘటన మనకు దూరపు కథ కాదు.

మొవ్వు కుళ్ళు వేరు, కాండం కుళ్ళు వేరు

వేరుశనగలో వైరస్ వల్ల వచ్చే మొవ్వు కుళ్ళు తెగులు రైతులకు అంతకు ముందే పరిచితం. అందువల్ల కొత్త తెగులును కూడా తొలుత ఆ వర్గానిదిగానే అనుమానించారు. రెండింటికీ పోలిక ఉన్న మాట నిజం. తేడాలు ఇవి.

మొవ్వు కుళ్ళు: లేత ఆకుల మీద పాలిపోయిన మచ్చలు, వలయాలు ఏర్పడతాయి. కొస మొవ్వు ఎండుతుంది. మొక్క గిడసబారి, పక్క కొమ్మలు గుబురుగా వస్తాయి, వాటి ఆకులు చిన్నవై వికారంగా మారతాయి. మొక్క చావక చేలో మిగిలి ఉండవచ్చు.

కాండం కుళ్ళు వైరస్ తెగులు: లేత ఆకుల మీద మాడిన మచ్చలు పుట్టి, కాడలోకి, అక్కడి నుంచి కాండంలోకి నల్లని చారలుగా దిగుతాయి. కొస మొవ్వు చచ్చిపోతుంది. పక్క కొమ్మలు గుబురుగా రావడం అరుదు. నెలలోపు సోకితే మొక్క సాధారణంగా బతకదు. ఆలస్యంగా సోకిన మొక్కల్లో కాయలు చిన్నవై, వాటి మీద నల్లని మచ్చలు కనిపిస్తాయి.

పొద్దుతిరుగుడులో ఆకు ఒక పక్క మాడి మెలి తిరగడం, కాడ మీదా కాండం మీదా నల్లని చారలు, మొగ్గ దశలో మెడ వంగి పువ్వు సరిగా విచ్చుకోకపోవడం ముఖ్య లక్షణాలు. అటువంటి పువ్వులో గింజ నిండదు.

పరిశోధన సాగిన తీరు

హైదరాబాదు సమీపంలోని పటాన్‌చెరువులో గల అంతర్జాతీయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్, జాతీయ వృక్ష జన్యు వనరుల సంస్థ హైదరాబాదు కేంద్రం, నూనెగింజల పరిశోధన సంచాలనాలయం, ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం అనంతపురం కేంద్రం శాస్త్రవేత్తలు కలిసి ఈ సమస్యను చేపట్టారు. డి.వి.ఆర్. రెడ్డి, ఆర్.డి.వి.జె. ప్రసాదరావు, ఎ.ఎస్. రెడ్డి ప్రభృతులు ఈ కృషిలో పాల్గొన్నారు.

మొదటి మెట్టు వైరస్ ఏదో తేల్చడం. మొవ్వు కుళ్ళు వైరస్‌ను పట్టి ఇచ్చే రక్తరస పరీక్షకు కొత్త తెగులు నమూనాలు స్పందించలేదు. అంటే ఇది మరొక వైరస్ అన్నమాట. తెగులు మొక్కల రసాన్ని అలసంద ఆకుల మీద రుద్ది, అక్కడ ఏర్పడే మచ్చల ద్వారా వైరస్‌ను వేరు చేశారు. దానిని శుద్ధి చేసి, జన్యు నిర్మాణాన్ని పోల్చి చూడగా అది టొబాకో స్ట్రీక్ వైరస్ అని, అంటే పొగాకులో చారలు కలిగించే వైరస్ అని నిర్ధారణ అయింది. ఈ వైరస్‌ను ప్రపంచంలో మొదటగా 1936లో అమెరికాకు చెందిన జేమ్స్ జాన్సన్ పొగాకులో వర్ణించారు. పొద్దుతిరుగుడు మీద 2000లోను, వేరుశనగ మీద 2002లోను భారతదేశపు ఫలితాలు ప్రచురితమయ్యాయి.

రెండవ మెట్టు వైరస్ నివాసాన్ని వెదకడం. వేరుశనగ ఏడాదిలో కొన్ని నెలలు మాత్రమే నేల మీద ఉంటుంది. మిగిలిన నెలల్లో వైరస్ ఎక్కడ బతుకుతున్నది? శాస్త్రవేత్తలు చేల చుట్టూ ఉన్న కలుపు మొక్కలను సేకరించి ఒక్కొక్కటిగా పరీక్షించారు. వయ్యారిభామతో పాటు తుత్తురుబెండ, కుక్కవామింట, రెడ్డివారి నానుబాలు, గడ్డిచామంతి వంటి మొక్కల్లో వైరస్ బయటపడింది. వీటిలో వయ్యారిభామ ప్రత్యేకత ఏమంటే, వైరస్ లోపల ఉన్నా పైకి ఏ లక్షణమూ కనిపించదు. పచ్చగా, ఆరోగ్యంగా, తెల్లని పూలతో నిలబడి ఉంటుంది. కంటి చూపుతో దీనిని పట్టుకోవడం అసాధ్యం. ప్రయోగశాల పరీక్ష ఒక్కటే చెప్పగలదు.

పుప్పొడి మార్గం

మూడవ మెట్టు అన్నింటికంటె ముఖ్యమైనది. వయ్యారిభామలోని వైరస్ వేరుశనగలోకి ఎట్లా చేరుతున్నది?

తామర పురుగులు వైరస్‌ను మోస్తాయని తెలిసినదే. కాని ఈ వైరస్ విషయంలో పురుగు చేసే పని విచిత్రమైనది. 1987లో ఆస్ట్రేలియాలో స్డూడీ, టీకిల్ అనే పరిశోధకులు ఈ గుట్టు విప్పారు. టొబాకో స్ట్రీక్ వైరస్ పురుగు కడుపులో ఉండదు, వైరస్ సోకిన మొక్క పుప్పొడిలో ఉంటుంది. పూలలో తిరిగే తామర పురుగుల ఒంటికి ఆ పుప్పొడి అంటుకుంటుంది. పురుగు లేత ఆకు మీద వాలి గీరుతూ రసం పీల్చేటప్పుడు ఆకు పైపొర చిట్లుతుంది. ఆ గాయంలోకి పుప్పొడి నుంచి వైరస్ ప్రవేశిస్తుంది. పుప్పొడి లేని పురుగు వల్ల తెగులు రాలేదు. పుప్పొడి, పురుగు రెండూ కలిసినప్పుడే తెగులు వచ్చింది.

మన దేశంలో జరిపిన ప్రయోగాల్లోనూ ఇదే రుజువైంది. వైరస్ ఉన్న వయ్యారిభామ పుప్పొడిని, తామర పురుగులను కలిపి ఆరోగ్యంగా ఉన్న మొక్కల మీద వదిలినప్పుడు తెగులు సోకింది. పుప్పొడి గాలికి కొట్టుకువచ్చి ఆకుల మీద రాలడం వల్ల, అప్పటికే పంట మీద ఉన్న పురుగులు సైతం ఈ పనికి చాలును.

ఈ ఒక్క విషయం తెలియడంతో నివారణ ఆలోచనే మారిపోయింది. వేరుశనగ పూలు మూసుకుని తమలో తామే ఫలదీకరణ చెందేవి. పైగా తొందరగా తెగులు సోకిన మొక్క పూత పూయక ముందే ఎండిపోతుంది. కనుక వేరుశనగ నుంచి వేరుశనగకు ఈ తెగులు పాకడం దాదాపుగా లేదు. చేలో చచ్చిన ప్రతి మొక్కకూ వైరస్ బయటి నుంచే వచ్చినదని అర్థం. తెగులు మొక్కలను పీకివేయడం కంటె గట్టు మీది పూలను తొలగించడమే ఎక్కువ ఫలితాన్నిస్తుంది.

వయ్యారిభామే ఎందుకు?

మధ్య అమెరికా ప్రాంతానికి చెందిన ఈ మొక్కను మన దేశంలో 1950ల మధ్యకాలంలో పూణే వద్ద గుర్తించారు. తెలుగులో వయ్యారిభామ, వాడుకలో కాంగ్రెస్ గడ్డి, కన్నడంలో కాంగ్రెస్ హుల్లు అని పిలిచేది ఇదే. మొలిచిన నెల, నెలన్నరకు పూత మొదలై, తేమ ఉన్నంతకాలం విడతలు విడతలుగా పూస్తూనే ఉంటుంది. ఒక్కొక్క మొక్క 10,000కు మించి విత్తనాలు రాల్చగలదు. తొలకరికి ముందు పడే వానలకే మొలుస్తుంది గనుక, వేరుశనగ మొలక దశలో ఉండగా ఇది పూత దశలో ఉంటుంది. పంటకు బలహీనమైన వయసు, కలుపుకు పుప్పొడి రాల్చే వయసు ఒకేసారి రావడమే ప్రమాదానికి మూలం.

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలోనూ వయ్యారిభామ విస్తరించిన ప్రాంతాల్లో పొద్దుతిరుగుడు ఇదే వైరస్‌కు గురైంది. పత్తి, శనగ, పెసర పంటల్లోనూ అక్కడ వైరస్‌ను గుర్తించారు. వయ్యారిభామ విత్తనం ద్వారా వైరస్ తరువాతి తరం మొక్కలకు సంక్రమిస్తుందని 2009లో అక్కడి శాస్త్రవేత్తలు చూపారు. అంటే ఈ కలుపు తన విత్తనంతో పాటు వైరస్‌ను కూడా నేలలో దాచిపెట్టుకోగలదు.

అన్ని వైరస్‌లకూ ఒకటే దారి కాదు

కలుపు నుంచి పంటకు వైరస్ చేరే మార్గాలు పలు విధాలు. మార్గం మారితే నివారణ కూడా మారుతుంది.

మొవ్వు కుళ్ళు వైరస్ పుప్పొడి మీద ఆధారపడదు. అది తామర పురుగు శరీరంలోనే వృద్ధి చెందుతుంది. పురుగు పిల్ల దశలో తెగులు మొక్కను తిని వైరస్‌ను గ్రహిస్తే, రెక్కలు వచ్చిన తరువాత బతికినంతకాలం పంచుతూనే ఉంటుంది. ఈ తెగులుకు విత్తనం ఒత్తుగా పడి మొక్కల సంఖ్య సరిపడా ఉండడం మేలు చేస్తుంది. పలుచని చేలో పురుగులు ఎక్కువగా వాలతాయి.

మిరప, టమాటా పంటల్లో ఆకుముడత కలిగించే వైరస్‌లను తెల్లదోమ మోస్తుంది. దోమ రసంతో పాటు వైరస్‌ను పీల్చుకుని, అది దాని శరీరంలో తిరిగి లాలాజలంలోకి చేరిన తరువాత మరొక మొక్కకు అందిస్తుంది. ఈ వైరస్‌లకు కూడా కలుపు మొక్కలు ఆశ్రయమిస్తాయి.

మిరపలో ముడతలన్నీ వైరస్ వల్లనే వచ్చేవి కావు. తామర పురుగులు, నల్లి పీల్చినా ఆకు ముడుచుకుంటుంది. 2021లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటక మిరప తోటలను నష్టపరచిన నల్ల తామర పురుగులు పూలను, ఆకులను నేరుగా పాడుచేశాయి. తెగులు ఏదో తేల్చుకోకుండా మందు కొనడం వల్ల డబ్బు పోవడమే కాని తెగులు పోదు.

నష్టం ఒకరిది, కలుపు మరొకరిది

తుంగభద్ర ఒడ్డున ఉన్న కెంచనగుడ్డ వంటి గ్రామాల్లో ఈ సమస్యకు మరొక ముఖం ఉంది. కాలువ నీరు అందే చోట వరి పండుతుంది. వరికి ఈ వైరస్ సోకదు. జొన్న, సజ్జ కూడా దీనికి లొంగవు. కనుక వరి రైతుకు తన గట్టు మీది వయ్యారిభామ వల్ల ఈ తెగులు భయం లేదు. దానిని పీకించడానికి కూలి ఖర్చు పెట్టవలసిన అవసరం ఆయనకు కనిపించదు. కాలువ గట్లకు తేమ అందుతూ ఉండడం చేత అక్కడ వయ్యారిభామ ఎండ కాలంలోనూ పచ్చగానే ఉంటుంది. ఆ పుప్పొడి గాలికి లేచి మెట్టలో ఉన్న పొద్దుతిరుగుడు మీద, వేరుశనగ మీద పడుతుంది.

బాట పక్క పోరంబోకు, బడి ఆవరణ, శ్మశానం, రెండు ఊళ్ళ పొలిమేర, రెండు రాష్ట్రాల హద్దు ఎవరి చేనూ కాదు. అక్కడి కలుపుకు యజమాని లేడు. ఒక రైతు తన అయిదెకరాలు ఎంత శుభ్రంగా ఉంచుకున్నా, పొరుగు గట్టు పూస్తుంటే ఫలితం సగమే. ఈ తెగులు నివారణ ఒక కుటుంబం చేతిలో లేనిది, ఊరంతా కలిసి చేయవలసినది అని పరిశోధన మనకు చెబుతున్న అసలు మాట.

ప్రతి సంవత్సరం ఆగస్టు 16 నుంచి 22 వరకు దేశవ్యాప్తంగా వయ్యారిభామ నిర్మూలనపై అవగాహన వారం జరుపుతారు. అది మంచిదే. కాని జూన్, జూలై మాసాల్లో విత్తే వేరుశనగకు అప్పటికే ముప్పు దశ గడిచిపోతూ ఉంటుంది. మన గ్రామాల్లో ఈ పని తొలకరి వానలు పడిన మూడు నాలుగు వారాల్లోగా, పూత రాకముందే పూర్తి కావాలి.

చేయదగిన పనులు

1. తొలి వాన పడిన తరువాత నేల తడిగా ఉండగా వయ్యారిభామను వేళ్ళతో సహా పీకివేయాలి. పూత రాని మొక్కలను కుప్పవేసి కంపోస్టు చేసుకోవచ్చు. పూసిన మొక్కలను దులపకుండా జాగ్రత్తగా తొలగించాలి.

2. పీకేవారు చేతులకు తొడుగులు, ముక్కుకు గుడ్డ, నిండు చేతుల చొక్కా ధరించాలి. ఈ మొక్క వల్ల చర్మం మీద దద్దుర్లు, తుమ్ములు, ఆయాసం కలుగుతాయి. ఉబ్బసం ఉన్నవారిని, పిల్లలను ఈ పనికి పంపరాదు.

3. వేరుశనగ విత్తేటప్పుడే చేను చుట్టూ కనీసం నాలుగు సాళ్ళు జొన్న గాని సజ్జ గాని ఒత్తుగా వేయాలి. త్వరగా ఎత్తు పెరిగే ఈ పైర్లు గాలిలో వచ్చే పుప్పొడిని, పురుగులను కొంతమేరకు అడ్డుకుంటాయి.

4. పూతలో ఉన్న పొద్దుతిరుగుడు, బంతి, చామంతి పక్కన వేరుశనగ, పెసర, మినుము విత్తరాదు. ఆ పంటలకు వైరస్ సోకి ఉంటే వాటి పుప్పొడి కూడా మూలమవుతుంది. పొద్దుతిరుగుడులో తెగులు మొక్కలను పూత రాకముందే తీసివేయాలి.

5. తొలి వారాల్లో తామర పురుగుల నుంచి రక్షణకు విత్తన శుద్ధి చేసుకోవాలి. మందు ఏది, మోతాదు ఎంత అన్నది వ్యవసాయ అధికారి సలహా మేరకు, డబ్బా మీది సూచన మేరకు నిర్ణయించుకోవాలి.

6. విత్తిన మూడు వారాలకు చేను నాలుగు అంచుల్లో నూరేసి మొక్కలు, నడుమ నూరు మొక్కలు లెక్కించి, తెగులు మొక్కలు ఎన్నో రాసుకోవాలి. ఒక అంచున తెగులు ఎక్కువగా ఉంటే, ఆ దిక్కున ఉన్న కలుపును ముందుగా వెదకాలి. చదువుకునే పిల్లలు కూడా ఈ లెక్క చేయగలరు.

7. వయ్యారిభామ ఆకులు తినే మెక్సికో పెంకు పురుగును 1984లో బెంగళూరు ప్రాంతంలో విడుదల చేశారు. వానాకాలంలో చారలున్న ఈ చిన్న పురుగులు వయ్యారిభామ మీద కనిపిస్తే వాటిని చంపరాదు.

సందేహాలు, సమాధానాలు

తెగులు సోకిన చేను కాయలు తినవచ్చునా? మొక్కల వైరస్‌లు మనుషులకు గాని పశువులకు గాని తెగులు కలిగించవు. బూజు పట్టిన కాయలను మాత్రం వేరుచేయాలి. అది వేరే సమస్య.

విత్తనం ద్వారా తెగులు వస్తుందా? వేరుశనగ, పొద్దుతిరుగుడు విత్తనాల ద్వారా ఈ వైరస్ వ్యాపిస్తున్నట్లు మన దేశంలో జరిపిన పరీక్షల్లో ఆధారం దొరకలేదు. తెగులుకు కారణం విత్తనమని అమ్మినవారితో తగవు పడే ముందు గట్టు వైపు ఒకసారి చూడడం మంచిది.

మందు కొడితే పోతుందా? మొక్కలోని వైరస్‌ను చంపే మందు లేదు. పురుగుమందు పురుగుల సంఖ్యను తగ్గించగలదు. అప్పటికే సోకిన మొక్కను బతికించలేదు.

తట్టుకునే రకాలు ఉన్నాయా? సాగులో ఉన్న వేరుశనగ రకాల్లో ఈ వైరస్‌ను పూర్తిగా ఎదిరించే గుణం పరిశోధకులకు దొరకలేదు. అయితే వేరుశనగకు బంధువులైన కొన్ని అడవి జాతుల్లో నిరోధక శక్తి ఉన్నట్లు 2007లో ప్రచురితమైన ఇక్రిశాట్ పరిశోధన తెలిపింది. తెగులును దాచేదీ పంట కాని మొక్కే, దానిని ఎదిరించే గుణమున్నదీ పంట కాని మొక్కే కావడం గమనార్హం.

ఎవరిని సంప్రదించాలి?

తెగులు అనుమానం కలిగినప్పుడు మొక్కను వేళ్ళతో సహా తీసి, తడి కాగితంలో చుట్టి, ఎండిపోకముందే నిపుణులకు చూపించాలి. మన జిల్లా వారికి హగరిలోని కృషి విజ్ఞాన కేంద్రం, సిరుగుప్పలోని వ్యవసాయ పరిశోధన కేంద్రం, హోబళి స్థాయిలో రైత సంపర్క కేంద్రాలు ఉన్నాయి. హద్దుకు ఆవల ఉన్నవారు తమ ఊరి రైతు సేవా కేంద్రాన్ని అడగవచ్చు.

హద్దుకు ఇరువైపులా అధికారులు వేరు, కార్యాలయాలు వేరు. పుప్పొడికి మాత్రం ఆ భేదం లేదు. ఈసారి తొలకరికి ముందే పొరుగూరి పెద్దలతో మాట్లాడుకుని, పొలిమేర బాటను రెండు ఊళ్ళవారు ఒకే వారంలో శుభ్రం చేసుకుంటే, మెట్ట రైతు పంటకు అదే మొదటి రక్ష.